ఖాళీ అద్దాల పెట్టె: లాస్ ఏంజెలెస్ అకాడమీ మ్యూజియం సమీక్ష

లాస్ ఏంజెలెస్‌లో విల్‌షైర్ బులవార్డ్, ఫెయిర్‌ఫాక్స్ అవెన్యూ కలిసే మూలమీద, బంగారు రంగు పలకలు తాపడం చేసిన గుండ్రటి స్తంభంతో ఒక పాత భవనం ఉంది. 1939లో మే కంపెనీ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ కోసం కట్టిన ఆ భవనాన్ని ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో చేత తీర్చిదిద్దించి, దాని వెనక గాజు, కాంక్రీటు కలిసిన ఒక పెద్ద గోళాన్ని జతచేసి, 2021 సెప్టెంబర్ 30న అకాడమీ మ్యూజియంగా తెరిచారు. ఆస్కార్ పురస్కారాలు ఇచ్చే సంస్థ తన కథను తానే చెప్పుకునే చోటు ఇది. 2023 ఏప్రిల్‌లో, అంటే ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చిన నెల తిరగకముందే, మా అమ్మాయి వాళ్ల ఇంటికి వెళ్లిన నేను ఒక శనివారం పూట అంతా అక్కడ గడిపాను. పెద్దవారికి టికెట్ 25 డాలర్లు, పదిహేడేళ్ల లోపు పిల్లలకు ఉచితం కాబట్టి మా మనవడికి ఖర్చు లేకుండా పోయింది.

వాడికి నచ్చినవి వేరు, నాకు నచ్చినవి వేరు. ఎస్కలేటర్ల మీదుగా పైకప్పు నుంచి వేలాడుతున్న ఇరవై అయిదు అడుగుల సొరచేప బొమ్మ కింద వాడు మూడుసార్లు పైకీ కిందకీ తిరిగాడు. గోళం పైనున్న గాజు కప్పు కింద నిలబడితే హాలీవుడ్ కొండలు కనిపిస్తాయి. ఫొటోలు తీసుకునేవారికి అంతకు మించిన చోటు లేదు. పాత కెమెరాలు, దుస్తులు, చిత్రానువాదాల ప్రతులు, యానిమేషన్ బొమ్మలు చూడటానికి తీరిక ఉన్నవారికి ఒక రోజు చాలదు. వీటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక నేను ఎక్కువ చెప్పను. నేను వెళ్లింది ఆస్కార్ల చరిత్రకు కేటాయించిన గది కోసం, అందులోనూ ప్రత్యేకంగా ఒక వస్తువు కోసం. నిజానికి అది వస్తువు కూడా కాదు, ఒక వస్తువు లేకపోవడం.

ఆ గదిలో వేర్వేరు కాలాల నాటి జ్ఞాపికలను అద్దాల పెట్టెల్లో నిలబెట్టారు. ఒక పెట్టె మాత్రం ఖాళీగా ఉంది. లోపల దీపం వెలుగుతోంది, అడుగున ఏమీ లేదు. అది హాటీ మెక్‌డేనియల్ పెట్టె. ‘గాన్ విత్ ది విండ్’లో మామీ పాత్రకు ఉత్తమ సహాయ నటిగా 1940లో ఆస్కార్ అందుకున్న ఆమె, ఆ పురస్కారం పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి. అప్పట్లో సహాయ నటులకు నిలువు బొమ్మ ఇచ్చేవారు కాదు, చిన్న పలక ఇచ్చేవారు. ఆ పలకను ఆమె హోవర్డ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చి 1952లో కన్నుమూశారు. తరవాతి కాలంలో అది అక్కడినుంచి ఎలా మాయమైందో ఎవరికీ తెలియలేదు. నేను చూసిన కొన్ని నెలలకు, 2023 అక్టోబర్‌లో, అకాడమీ దానికి బదులుగా మరో పలకను ఆ విశ్వవిద్యాలయానికి అందజేసింది. కానీ ఆ శనివారం నేను చూసింది ఖాళీనే. చుట్టూ మెరిసే బంగారు బొమ్మలున్న గదిలో జనం ఎక్కువసేపు నిలబడింది ఆ ఖాళీ ముందే అని చెబితే అతిశయోక్తి కాదు.

పురస్కారం వచ్చిన రాత్రి ఆమె ఎక్కడ కూర్చున్నారో తెలిసినవారికి ఆ పెట్టె మరింత బరువుగా అనిపిస్తుంది. ఆనాటి వేడుక అంబాసిడర్ హోటల్‌లోని కోకోనట్ గ్రోవ్‌లో జరిగింది. ఆ హోటల్ నల్లవారిని లోపలికి రానిచ్చేది కాదు. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ప్రత్యేకంగా అడిగితే రానిచ్చారు గాని, సహనటుల బల్ల దగ్గర కాకుండా గోడ పక్కన ఒక చిన్న బల్ల వేసి అక్కడ కూర్చోబెట్టారు. మన పల్లెల్లో పెళ్లి భోజనాల్లో పంక్తిభేదం చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. విస్తరి ఒకటే, పదార్థాలు ఒకటే, కూర్చునే చోటు మాత్రం వేరు. అంతకు రెండు నెలల ముందు అట్లాంటాలో అదే సినిమా మొదటి ప్రదర్శనకు ఆమె వెళ్లే వీలు కూడా లేకపోయింది. ఆమె తరవాత నటనకు మరో నల్లజాతి మహిళ ఆస్కార్ అందుకోవడానికి 51 ఏళ్లు పట్టింది. 1991లో వూపీ గోల్డ్‌బర్గ్‌కు అది దక్కింది. ఉత్తమ నటి పురస్కారమైతే 2002లో హాలీ బెర్రీకి వచ్చింది, 2025 వేడుక దాకా చూసినా ఆ వరుసలో రెండో పేరు లేదు.

మ్యూజియం గురించి నా ముఖ్యమైన అభిప్రాయం ఇక్కడే మొదలవుతుంది. ఏ మ్యూజియమైనా ఇచ్చినదాన్ని చూపగలదు, ఇవ్వనిదాన్ని చూపలేదు. పురస్కార చరిత్ర అంతా గెలిచినవారి చరిత్రగా కనిపించడానికి కారణం అదే. అసలు తగవు మాత్రం గెలుపు దగ్గర కాదు, నామినేషన్ల దగ్గర జరుగుతుంది. ఆఖరి వేదిక మీద అయిదుగురిలో ఒకరు ఓడిపోతే అది పోటీ. ఆ అయిదుగురిలో పేరే లేకపోతే దానికి పేరు వేరు. అలాంటి లేమిని చూపడానికి ఆ ఖాళీ పెట్టె కంటే మంచి ఉపాయం నాకు తోచదు గాని, న్యాయంగా లెక్కవేస్తే అలాంటి పెట్టెలు ఒక అంతస్తు నిండా పెట్టవలసి వస్తుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అని మన సామెత. ఆస్కార్ నామినేషన్ల పద్ధతిని ఇంతకంటే పొందికగా ఎవరూ చెప్పలేరు. అకాడమీలో నటులకు ఒక శాఖ, దర్శకులకు ఒక శాఖ, సంగీతకారులకు ఒక శాఖ ఉంటాయి. నటుల నామినేషన్లకు నటులే, దర్శకుల నామినేషన్లకు దర్శకులే ఓటు వేస్తారు. ఓటరు తన ఇష్టాలను వరుసక్రమంలో రాయాలి. అయిదు స్థానాలుంటే, వచ్చిన ఓటు పత్రాల సంఖ్యను ఆరుతో భాగించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యను అందుకున్నవారు నామినేట్ అవుతారు. 600 పత్రాలు వస్తే 101 చాలన్నమాట. నటుల శాఖలో సుమారు 1300 మంది ఉన్నారు కనుక అందరూ ఓటు వేసినా రెండు వందల పైచిలుకు మంది గట్టిగా మొదటి స్థానం ఇస్తే పని జరిగిపోతుంది. వెయ్యిమంది ‘బాగానే చేసింది’ అనుకుని నాలుగో స్థానంలో రాసిన నటి బయట ఉండిపోతుంది, రెండు వందల మంది ప్రాణం పెట్టి మొదటి స్థానంలో రాసిన నటి లోపలికి వస్తుంది. దీన్ని కుట్ర అనలేము. అయితే ఆ రెండు వందల మంది ఎవరు, వారు ఎవరి సినిమాలు చూస్తారు, ఎవరి ఇంటి విందులకు వెళ్తారు అన్న ప్రశ్న మీదనే మిగతాదంతా ఆధారపడుతుంది.

2012లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఈ ప్రశ్నకు లెక్క కట్టింది. ఓటర్లలో 94 శాతం తెల్లవారు, 77 శాతం మగవారు, వారి మధ్యస్థ వయసు 62 అని తేలింది. మూడేళ్లకు, 2015 జనవరిలో, నటనకు నామినేట్ అయిన ఇరవై మందీ తెల్లవారే కావడంతో ఏప్రిల్ రెయిన్ అనే ఆమె ‘ఆస్కార్స్ సో వైట్’ అన్న మాటను ట్విటర్‌లో పుట్టించారు. మార్టిన్ లూథర్ కింగ్ పోరాటం మీద తీసిన ‘సెల్మా’ ఆ ఏడు ఉత్తమ చిత్రం పోటీలో ఉంది గాని, దర్శకురాలు ఆవా డువర్నేకూ కింగ్ పాత్రధారి డేవిడ్ ఓయెలోవోకూ చోటు లేదు. చిత్రం బాగుంది, తీసినవారూ నటించినవారూ బాగాలేరు అన్నట్టు. మరుసటి ఏడు మళ్లీ ఇరవైకి ఇరవై మందీ తెల్లవారే. నల్లజాతి దర్శకుడు రయన్ కూగ్లర్ తీసిన ‘క్రీడ్’లో నల్లజాతి కథానాయకుడు మైఖేల్ బి. జోర్డన్‌ను వదిలేసి, సహాయ పాత్ర వేసిన సిల్వెస్టర్ స్టాలోన్‌కు ఆ సినిమా మొత్తానికీ ఏకైక నామినేషన్ ఇచ్చారు. యాదృచ్ఛికమని ఒకసారి సరిపెట్టుకోవచ్చు, రెండోసారి కష్టం. అప్పుడు అకాడమీ అధ్యక్షురాలు షెరిల్ బూన్ ఐజాక్స్, ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతి వ్యక్తి. తలుపు దగ్గర మనవాళ్లు ఉన్నంత మాత్రాన వంటింట్లో ఏమీ మారదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఆ దెబ్బకు మార్పు వచ్చిందన్నది కాదనలేని నిజం. 2016 జనవరిలో పాలకవర్గం, 2020 నాటికి మహిళల సంఖ్యనూ తెల్లవారు కాని సభ్యుల సంఖ్యనూ రెట్టింపు చేయాలని తీర్మానించింది. ఆ ఏడు 683 మందినీ, 2018లో 928 మందినీ కొత్తగా ఆహ్వానించారు. అమెరికా బయటినుంచి వచ్చిన సభ్యులూ వారిలో ఎందరో ఉన్నారు. 2020లో ‘పారసైట్’ ఉత్తమ చిత్రం కావడానికి, ఆంగ్లేతర చిత్రం ఒకటి ఆ మెట్టు ఎక్కడానికి, వడ్డించేవారు మారడం కూడా ఒక కారణమని నా నమ్మకం. ఉత్తమ చిత్రానికి పోటీపడాలంటే నాలుగు ప్రాతినిధ్య ప్రమాణాలలో రెండింటిని అందుకోవాలన్న నిబంధన 2024 వేడుక నుంచి అమలైంది గాని, నన్నడిగితే అది పెద్ద స్టూడియోలు తెరవెనక నియామకాలతో సులువుగా దాటగలిగే గడప. అంతకంటే 2025లో ప్రకటించిన నిబంధన నాకు నచ్చింది: ఒక విభాగంలో తుది ఓటు వేయాలంటే ఆ విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలి. చూడకుండా ఓటు వేసేవారని వాళ్లే ఒప్పుకున్నట్టయింది. అయితే ఆ నియమం తుది ఓటుకే పరిమితం. పేర్లు జారిపోయేది అంతకుముందు మెట్టు దగ్గర.

2023లో ఆ మెట్టు దగ్గర జరిగినది అందరికీ గుర్తుండే ఉంటుంది. థియేటర్లలో 27 వేల డాలర్లు మాత్రమే వసూలు చేసిన ‘టు లెస్లీ’ అనే చిన్న సినిమాలో నటించిన ఆండ్రియా రైజ్‌బరోకు, పేరున్న నటీనటులు కొన్ని రోజుల వ్యవధిలో వరసపెట్టి మెచ్చుకోళ్లు రాయడంతో ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. ‘ది ఉమన్ కింగ్’లో వయోలా డేవిస్, ‘టిల్’లో డానియెల్ డెడ్‌వైలర్ ఆ జాబితాలో లేకుండా పోయారు. అకాడమీ విచారించి నామినేషన్‌ను రద్దు చేయనవసరం లేదని తేల్చింది. ఆమె గొప్పగా నటించింది, అందులో సందేహం లేదు. నా అభ్యంతరం మరొకటి. డబ్బున్న స్టూడియో ప్రచారానికి ప్రత్యామ్నాయం స్నేహితుల ప్రచారమే అయితే, స్నేహితులు లేనివారు ఎటు పోవాలి? మరుసటి ఏడు ‘బార్బీ’ దర్శకురాలు గ్రెటా గర్విగ్‌కు, నటి మార్గో రాబీకి ఆ విభాగాల్లో నామినేషన్ దక్కలేదని లోకమంతా గగ్గోలు పెట్టింది. ఆ సినిమాకు ఎనిమిది నామినేషన్లు వచ్చాయి, వాటిలో రచయిత్రిగా గర్విగ్, నిర్మాతగా రాబీ కూడా ఉన్నారు. అదే ఏడు లిలీ గ్లాడ్‌స్టోన్ ఉత్తమ నటి విభాగంలో నామినేట్ అయిన మొదటి అమెరికా ఆదివాసీ మహిళ అయ్యారు. ఆ వార్త ఈ గోలలో సగం మునిగిపోయింది. ఎవరికి మొండిచేయి చూపారన్న చర్చలోనూ ఒక పంక్తిభేదం ఉంటుందని అప్పుడు అర్థమైంది.

ఇంకో ముచ్చట కూడా ఆ గదిలోనే గుర్తొచ్చింది. 2023లో మిషెల్ యో ఉత్తమ నటి విభాగంలో నామినేట్ అయినప్పుడు, అక్కడ నామినేషన్ పొందిన మొదటి ఆసియా నటి అని ఆమెను రాయాలా వద్దా అని పత్రికలు తడబడ్డాయి. ఎందుకంటే 1936లోనే మెర్ల్ ఒబెరాన్ అదే విభాగంలో నామినేట్ అయ్యారు. ఆమె పుట్టింది మన బొంబాయిలో. కానీ బతికినంతకాలం ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టానని చెప్పుకున్నారు. పంక్తిలో కూర్చోవడానికి ఇంటి పేరును బయట చెప్పుల దగ్గరే వదిలి రావలసిన రోజులవి.

ఇక మన సంగతికి వస్తాను. ‘ఆర్ఆర్ఆర్’ను 2022లో ఆస్కార్ అంతర్జాతీయ చిత్రం విభాగానికి భారతదేశం తరఫున పంపలేదని మనవాళ్లు చాలా బాధపడ్డారు, నేనూ బాధపడ్డాను. ఒక దేశం నుంచి ఒకే సినిమా అన్న అప్పటి అకాడమీ నియమం, ఇరవై పైచిలుకు భాషల్లో సినిమాలు తీసే మన దేశానికీ ఒకే భాషలో తీసే చిన్న దేశానికీ ఒకే కొలత పెట్టింది. ఆ ఒక్కదాన్ని ఎంచేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఆ ఏడు వారు ఎంచిన గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ పదిహేను చిత్రాల తొలి జాబితాకు చేరింది కనుక దాన్ని చిన్నచూపు చూడటం తగదు. కానీ ఇన్నేళ్లలో మన దేశం పంపిన తెలుగు చిత్రం 1986 నాటి ‘స్వాతిముత్యం’ ఒక్కటే అన్నది కూడా లెక్కలో ఉండాలి. చివరికి ‘ఆర్ఆర్ఆర్’ అమెరికా పంపిణీదారుల సొంత ప్రచారంతో సాధారణ విభాగాల్లో పోటీపడి, ఒకే ఒక నామినేషన్ తెచ్చుకుని, దాన్నే గెలుపుగా మార్చుకుంది. కీరవాణి పాట రూపంలో కృతజ్ఞత చెప్పి, చంద్రబోస్ ‘నమస్తే’ అన్న ఆ నిమిషం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరింపజేస్తుంది. అయినా అదే వేదిక మీద ఆ పాటకు ఆడిన ప్రధాన నర్తకులిద్దరూ దక్షిణాసియా మూలాలవారు కారు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడుతున్నారు, నాటు అడుగులు వేరొకరు వేస్తున్నారు. విస్తరి వేశారు, వడ్డన దగ్గర మళ్లీ చేయి తడబడింది.

అకాడమీని మాత్రమే అంటే అన్యాయమవుతుంది. 2024లో పాయల్ కపాడియా చిత్రం ‘ఆల్ వీ ఇమాజిన్ యాజ్ లైట్’ కాన్ ఉత్సవంలో గ్రాన్ ప్రి గెలిచి వచ్చింది. మన ఎంపిక సంఘం దాన్ని కాదని ‘లాపతా లేడీస్’ను పంపింది. ఆడవారి కథనే ఎంచారు, కానీ ఎంచిన పదముగ్గురూ మగవారే. ఆ చిత్రం తొలి పదిహేనులోకి వెళ్లలేదు. బ్రిటన్ తరఫున వెళ్లిన హిందీ చిత్రం ‘సంతోష్’ వెళ్లింది. విల్‌షైర్ మీద ఖాళీ పెట్టె ముందు నిలబడి అమెరికా వాళ్లను తప్పుపట్టడం నాకు సులువే. చెన్నైలోనో ముంబైలోనో ఒక బల్ల చుట్టూ కూర్చునేది ఎవరని అడగడం మనకు అంత అలవాటు లేదు.

మ్యూజియానికి మెచ్చుకోలు ఇవ్వవలసినచోట ఇస్తాను. తప్పు చెబితే వినే గుణం దానికి ఉంది. తెరిచిన కొత్తలో హాలీవుడ్ స్టూడియోలను స్థాపించిన యూదు నిర్మాతల ఊసే లేదని విమర్శలు వచ్చాయి. వైవిధ్యం గురించి అంత జాగ్రత్తపడిన మ్యూజియం ఇల్లు కట్టినవారినే మరిచిపోవడం విడ్డూరమే. 2024లో వారికోసం ఒక శాశ్వత ప్రదర్శనను జతచేశారు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇదే మ్యూజియంలో భారతీయ సినిమాలో రంగుల మీద పన్నెండు చిత్రాల ఉత్సవం జరిపారు. హిందీ, బెంగాలీ, తమిళం, మలయాళం, మణిపురి చిత్రాలున్న ఆ జాబితాను నేను రెండుసార్లు పైనుంచి కిందకి చదివాను. అందులో తెలుగు లేదు. పన్నెండింటిలో అన్ని భాషలకూ చోటు దొరకదని నాకు తెలుసు, అయినా నాటు నాటుకు లేచి చప్పట్లు కొట్టి రెండేళ్లు కాలేదు కదా అనిపించకపోలేదు. మణిపురికి చోటిచ్చిన చేతిని మాత్రం మెచ్చుకోవాలి.

వెళ్లేవారికి నా సలహా ఇది. అదనపు టికెట్ కొంటే ఆస్కార్ వేదికలాంటి చోట నిలబడి నిజమైన బొమ్మను చేతిలో పట్టుకుని వీడియో తీయించుకునే ఏర్పాటు ఒకటి ఉంది. దాదాపు మూడు కిలోల ఎనిమిది వందల గ్రాముల బరువు. మా మనవడు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎవరూ నామినేట్ చేయనవసరం లేకుండా ఆ భవనంలో అందరికీ దొరికే ఆస్కార్ అదొక్కటే, పిల్లలున్నవారు మానుకోవద్దు. పెద్దవారు మాత్రం ముందు పురస్కారాల గదికి వెళ్లి, కాళ్లు నొప్పి పుట్టకముందే తీరికగా చూసి, ఆ తరవాత మిగతావి చూడటం మంచిది. అయిదు నక్షత్రాలలో నేను నాలుగు ఇస్తాను.

కారులో వెళ్లినా తిరుగు ప్రయాణంలో కాసేపు విల్‌షైర్ మీద తూర్పువైపు వెళ్లండి, లేదా 20 నంబరు బస్సు ఎక్కండి. అంబాసిడర్ హోటల్ ఉన్నదీ ఇదే రోడ్డు మీద, మ్యూజియానికి సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలో. హోటల్‌ను 2005, 2006లలో పడగొట్టి ఆ స్థలంలో అమెరికా నాయకుడు రాబర్ట్ కెనెడీ పేరిట ప్రభుత్వ పాఠశాలలు కట్టారు, ఎందుకంటే 1968లో ఆయన్ను కాల్చింది ఆ హోటల్‌లోనే. మేము వెళ్లేసరికి సాయంత్రం అయిదయింది, శనివారం కాబట్టి గేటు మూసి ఉంది. హాటీ మెక్‌డేనియల్‌ను కూర్చోబెట్టిన గోడ ఎటువైపు ఉండేదని మా మనవడు అడిగాడు. గేటు చువ్వల్లోంచి ఇద్దరమూ చాలాసేపు చూశాము.